ట్రైలర్ టైర్లు అడ్డదిడ్డంగా అరుగుతున్నాయా? యాక్సిల్ మార్చేముందు టేపు పట్టి కొలవండి

కారు వెనక లాగే క్యాంపింగ్ ట్రైలర్ అయినా, టిఫిన్ల వ్యాపారానికి చేయించుకున్న ఫుడ్ ట్రైలర్ అయినా కంప్లైంట్ ఒకటే. కొత్త టైర్లు వేయించి ఏడాది కూడా కాలేదు, ఒక పక్క నున్నగా అయిపోయింది, ఆటోనగర్‌లో చూపిస్తే "యాక్సిల్ వంగిందన్నా, మార్చాలె" అన్నాడు మెకానిక్, ఎంతవుతుంది? నేను ముందు అడిగేది గాలి ఎంత పట్టించారని, తర్వాత అడిగేది టేపుతో కొలిచారా అని. రెండిటికీ జవాబుండదు, కానీ యాక్సిల్ రేటు మాత్రం నాలుగు షాపుల్లో కనుక్కుని వస్తారు.

జాకీ పెట్టడం, చక్రం విప్పడం వచ్చనే అనుకుని రాస్తున్నా. ఒక్క మాట, జాకీ ఛాసిస్ కింద పెట్టండి, యాక్సిల్ పైపు మధ్యలో పెట్టకండి, వంగని యాక్సిల్ అక్కడే వంగుతుంది. కిందికి దూరేముందు స్టాండ్లు వేయండి, రెండో వైపు చక్రాలకి అడ్డం పెట్టండి.

రెండు అంచులూ అరిగి మధ్యలో గీతలు బాగుంటే

గాలి తక్కువ. అంతే, అలైన్‌మెంట్ గొడవే కాదు. బంకులో గాలి పట్టే కుర్రాడు కారుకి 32 పట్టి, అదే ఊపులో ట్రైలర్‌కీ 32 పట్టేస్తాడు, మనం కారు సీట్లోంచి దిగం. ట్రైలర్లకి ఎక్కువగా వేసేది ఆరు ప్లై, ఎనిమిది ప్లై టైర్లు, అవి కారు టైర్ల కంటే చాలా ఎక్కువ గాలి మీద బరువు మోసేలా తయారైనవి. ఎంత బరువుకి ఎంత గాలి అనేది టైరు పక్కనే రాసి ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుని చదవండి. ఆ అంకె చల్లటి టైరుకి, అంటే పొద్దున్నే బండి కదలకముందు. మే నెల ఎండలో ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా లాక్కెళ్లి అక్కడ కొలిచి "కరెక్టుగానే ఉందన్నా" అంటే లెక్కలోకి రాదు. సొంత గేజ్ కొనుక్కోండి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, దించండి.

టైరు మీద నాలుగంకెల తేదీ కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ట్రైలర్ ఏడాదిలో పది నెలలు ఎండలో నిలబడే ఉంటుంది కాబట్టి గీతలు బాగున్నా రబ్బరు చచ్చిపోతుంది, ఐదారేళ్లు దాటితే మార్చడమే. స్పీడు అక్షరం కూడా అక్కడే ఉంటుంది: జె అంటే గంటకి 100 కిలోమీటర్లు, కె అంటే 110, ఎల్ అంటే 120. ఔటర్ రింగ్ రోడ్ ఎక్కగానే కార్లతో పోటీపడే వాళ్లు ఆ అక్షరం ఒకసారి చదివితే మంచిది.

ఒక అంచే అరిగితే, లేదా రంపం పళ్లలా అయితే

అసలు సంగతి ఇక్కడుంది. టైరు మీద అరచేత్తో అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. తీగలు బయటికొచ్చిన టైరైతే గ్లవ్స్ వేసుకోండి, చెయ్యి కోసుకుంటుంది. ఒక దిశలో నున్నగా జారి, రెండో దిశలో వేళ్లకి తట్టుకుంటుంటే టైరు దొర్లడంతో పాటు పక్కకి కూడా ఈడ్చుకుపోతోందన్నమాట. ఇప్పుడు ఎడమ టైరు, కుడి టైరు రెండూ ఇలాగే రాసి చూడండి, ఈ పని ఎవరూ చెయ్యరు. రెండింటికీ ఆ వేళ్లకి తట్టే పదును ఒకే దిక్కుకి ఉంటే, అంటే రెండూ డ్రైవర్ వైపుకో రెండూ క్లీనర్ వైపుకో ఉంటే, యాక్సిల్ మొత్తం వంకరగా కూర్చుంది, వంగలేదు. రెండూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటే అప్పుడు యాక్సిల్ వంగిందేమో అని అనుమానించొచ్చు.

రెండు యాక్సిళ్ల బండికి ఇది బాగా కనపడుతుంది, ఎందుకంటే ఒక యాక్సిల్ ఒకవైపు పోదామంటే ఇంకోటి ఇంకోవైపు లాగుతుంది, మధ్యలో రబ్బరు పోతుంది. సింగిల్ యాక్సిల్ అయితే బండే కాస్త పక్కకి తిరిగి నడుస్తుంది, టైరు పెద్దగా అరగదు, అద్దంలో చూస్తే ఒకవైపు ఎక్కువ బయటికి కనిపిస్తుంది, అందుకే చాలామందికి నెలల తరబడి తెలీదు.

యాక్సిల్ వంకరగా కూర్చోడానికి నేను ఎక్కువగా చూసిన కారణం, ఎక్కువమంది వదిలేసే కారణం ఒక్కటే, కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగు) సెంటర్ బోల్ట్ తెగిపోవడం. కమాన్ పట్టీలన్నిటినీ కలిపి పట్టుకునే బోల్ట్ అది, దాని తల యాక్సిల్ మీద కమాన్ ఆనే సీటు గుంతలో కూర్చుంటుంది, యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపేది ఆ తలే. కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు బిగుతుగా ఉన్నంతకాలం దానిమీద లోడు పడదు. అవి లూజైతే ప్రతి బ్రేకుకీ, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ, వానల తర్వాత మన రోడ్ల మీద పడే ప్రతి గుంతకీ దెబ్బ సెంటర్ బోల్ట్ మెడ మీదే పడుతుంది, ఒకరోజు తెగుతుంది. తెగినా కింద తల గుంతలోనే ఉంటుంది, పైన నట్టు తుప్పుతో బురదతో పట్టీకి అతుక్కునే ఉంటుంది, కాబట్టి బయటి నుంచి చూసేవాడికి అంతా బాగానే ఉంది.

ఇంకా దొంగ వేషం ఏంటంటే, బండి ముందుకి లాగితే ఆ వైపు యాక్సిల్ వెనక్కి జరుగుతుంది, రివర్స్ చేస్తే మళ్లీ ముందుకొస్తుంది. మీరు అలైన్‌మెంట్ షాపులోకి బండిని రివర్స్‌లో పెట్టారనుకోండి, యాక్సిల్ తన చోటుకి తనే వచ్చేస్తుంది, మిషన్‌లో అంకెలు బాగున్నాయంటాడు. ఇంకో షాపుకి ముందు నుంచి వెళ్తే అక్కడ తేడా చూపిస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మొన్నీమధ్య వనస్థలిపురం దగ్గర ఒకాయన ఫుడ్ ట్రైలర్ చూశా, యాక్సిల్ కొత్తది వేయించాడు, పాత కమాన్ కట్టలూ పాత యూ బోల్టులే బిగించారు, టైర్లు మళ్లీ అదే తీరుగా అరుగుతున్నాయి. సీటు పక్కన వేలు పెట్టి బురద గీకితే రుపాయి బిళ్ల అంచంత వెడల్పున ఇనుము తళతళలాడుతోంది. ఇనుము రాసుకున్న చోటే తుప్పుండదు, అంటే అక్కడ యాక్సిల్ రోజూ అటూ ఇటూ తిరుగుతోంది.

కొలిచే పద్ధతి ఇది. బండిని సమంగా ఉన్న నేల మీద ముందుకి నిటారుగా పది మీటర్లు లాగి, గట్టిగా బ్రేకు వెయ్యకుండా ఆపండి. ముందు, కారుకి తగిలించే కప్లర్ నడిమధ్య నుంచి యాక్సిల్ ఎడమ చివరికి, కుడి చివరికి టేపు పట్టండి, మధ్యలో ఏదైనా అడ్డొస్తే మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టుకుని కొలవండి. మూడు మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే వదిలెయ్యండి, ఐదారు మిల్లీమీటర్లు దాటితే పని ఉన్నట్టే. తర్వాత కమాన్ కట్ట ముందు చివరని ఛాసిస్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ బోల్టులకి కూడా అలాగే కొలవండి. హ్యాంగర్ల కొలత రెండువైపులా సమానంగా ఉండి యాక్సిల్ కొలతే తేడా వస్తే యాక్సిల్ కమాన్ మీద జరిగింది, లేదా కమాన్ చివర్లలో ఉండే బుష్‌లు అరిగిపోయాయి. హ్యాంగర్ల దగ్గరే తేడా ఉంటే బండి కట్టినవాడు వంకరగా వెల్డింగ్ చేశాడు, లోకల్‌గా కట్టించిన బండ్లకి ఇది మామూలే, హ్యాంగర్ కోసి జరిపి పెట్టించాల్సిందే. ఇంకా నమ్మకం కలక్కపోతే సీటుకీ కమాన్‌కీ కలిపి సుద్దముక్కతో నిలువు గీత గీసి, రివర్స్ చేసి ముందుకి లాగి చూడండి, గీత విడిపోతే ఇక మాటల్లేవు.

రిపేరు పెద్ద ఖర్చు కాదు. యూ బోల్టులు కొత్తవే వెయ్యండి, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు ఇవ్వవు. సెంటర్ బోల్ట్ హై టెన్సైల్‌ది, 8.8 మార్కున్నది, తల సీటు గుంతకి సరిగ్గా దిగేది తీసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి, పాతది చేత్తో పట్టుకెళ్లండి. గుంత కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే ఎంత మంచి బోల్టయినా అందులో ఆడుతుంది, కమాన్ తీసి సీటు మార్పించాలి. సీటు మీద మందంగా పెయింటుంటే గీకెయ్యండి, పెయింటు నలిగేకొద్దీ బిగింపు లూజవుతుంది. చక్రాలు నేల మీద పెట్టి బరువు పడ్డాక యూ బోల్టులు ఎదురెదురుగా మార్చి మార్చి బిగించాలి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి, ఈ రెండోసారి బిగించడం ఎగ్గొట్టే బండ్లే మళ్లీ వస్తాయి. "బోల్ట్ ఎందుకన్నా, నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టేద్దాం" అనేవాడు తప్పకుండా దొరుకుతాడు, ఒప్పుకోకండి. కమాన్ పట్టీ స్ప్రింగ్ స్టీలు, వేడి తగిలిన చోట పెళుసై శ్రీశైలం ఘాట్‌లో ఏ మలుపులోనో విరుగుతుంది.

లోపలి అంచు మాత్రమే అరిగితే

ముందు తూకం. లోడుతో సహా ధర్మకాంటా మీదకి యాక్సిల్ ఒక్కటే ఎక్కించి చూడండి. వంద లీటర్ల నీళ్ల ట్యాంకంటే వంద కేజీలు, దాని పక్కనే సిలిండర్లు, ఆ పైన గ్రైండరు, అన్నీ ఒకే వైపు పెట్టి టైరు అరుగుతోందంటే ఏం చెప్పాలి. తూకం సరిగ్గా ఉండి ఒక్క టైరే అరుగుతుంటే అప్పుడు ఆ చివర వంగి ఉండొచ్చు. అన్నట్టు, పైపు యాక్సిల్ మధ్యలో కాస్త పైకి విల్లులా ఉంటే అది వంగడం కాదు, చాలా యాక్సిళ్లు తయారీలోనే అలా ఉంటాయి, లోడు పడ్డాక సమానమవుతాయి. ఆ విల్లు చూపించి యాక్సిల్ అమ్మేవాళ్లున్నారు.

మిగతావి

గుంతలు గుంతలుగా అరిగితే బ్యాలెన్సింగ్ లేదా బేరింగ్, చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే తెలుస్తుంది. హబ్ ఒకటే చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగో బ్రేకు పట్టేయడమో. కమాన్ బదులు లోపలి రబ్బరు మీద నడిచే టార్షన్ యాక్సిల్ వాలిపోతే రిపేరు లేదు, మార్చడమే, మన దగ్గర అవి తక్కువ. రెండు యాక్సిళ్ల బండిని ఇరుకు సందులో తిప్పినప్పుడు టైర్లు కీచుమంటే కంగారు పడకండి, అది వాటి స్వభావం.

పని అయ్యాక పాత టైర్లతోనే నడిపి "సౌండ్ తగ్గలేదు" అని ఫోన్ చెయ్యకండి. రంపం పళ్లు పడ్డ టైరు యాక్సిల్ సరైపోయినా అరుస్తూనే ఉంటుంది. మళ్లీ టేపు పట్టి కొలవండి, కొలత సమానంగా వస్తే పని అయినట్టే, టైర్లు ఎప్పుడు మార్చుకుంటారో మీ ఇష్టం.