పాత కుర్చీకి కొత్త గుడ్డ వేసే ముందు: సమస్య - పరిష్కారం

విశాఖలో పాత టేకు కుర్చీ కొన్నవాళ్లు ముందు గుడ్డ రంగు గురించే ఆలోచిస్తారు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో అసలు జబ్బు గుడ్డ కింద ఉంటుంది. కుర్చీని తిరగేసి, అడుగు గుడ్డ విప్పి చూశాకే బేరమాడండి.

కూర్చుంటే కిర్రుమంటూ ఊగుతోందా?
అతుకుల్లో జిగురు ఎండి పొడైపోయింది. చాలామంది పైనుంచి ఒక మేకు కొట్టేసి అయిపోయిందనుకుంటారు. అంతకన్నా చెడ్డ పని లేదు. మేకు తుప్పు పడుతుంది, చుట్టూ చెక్క నల్లబడి పగులుతుంది, తర్వాత అతుకు విప్పడమూ కష్టమే. మేకులు లాగేసి, అతుకు విడదీసి, పాత జిగురును చెక్క కనపడేదాకా గీకండి. తెల్ల జిగురు చెక్కలోకి ఇంకితేనే పట్టు. పాత పొర మీద రాస్తే నిలవదు. అతుకు బెజ్జం వదులైతే, అందులో దూరే చెక్క కొసకు పల్చటి టేకు పేడు అంటించి మందం పెంచండి. తాడు చుట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెట్టి బిగించి, 24 గంటలు కదపకండి. వానాకాలమైతే ఇంకో రోజు ఆగండి, తొందరేం లేదు.

సీటు గుంతపడిందా?
షాపులో ఫోమ్ మార్చమంటారు. ముందు కింద చేయి పెట్టి నవారు నొక్కి చూడండి. అది సాగిపోయి ఉంటే ఎంత మంచి ఫోమ్ వేసినా మళ్లీ గుంతే. నవారును నిలువుగా, అడ్డంగా అల్లి గట్టిగా లాగి కొట్టించాలి. ఆ తర్వాతే 40 డెన్సిటీ ఫోమ్. అంటే ఘనపు మీటరుకు 40 కిలోల బరువు. అది గట్టిదనం లెక్క కాదు, కాబట్టి కూర్చుని చూసే కొనండి.

గుడ్డ అంచున గోధుమరంగు మరకలా?
గుడ్డను చెక్కకు బిగించిన పిన్నుల తుప్పు అది. స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు మీరే కొని మేస్త్రీకి ఇవ్వండి.

రెక్సిన్ పొలుసులుగా రాలుతోందా?
అది పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న రకం. ఆ పొరను గాలిలోని తేమే విడగొడుతుంది. రంగు వేసినా ఆగదు, మార్చాల్సిందే. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లకు పీయూ వద్దనే నా మాట. మందపాటి నూలు గుడ్డను విప్పి ఉతుక్కునేలా కుట్టించుకోండి.

కేన్ అల్లిక జారిందా?
తెగకపోతే అడుగువైపు నుంచి వేడినీళ్ల గుడ్డతో తడిపి నీడలో ఆరనివ్వండి, బిగుస్తుంది. తెగితే మొత్తం మళ్లీ అల్లించాలి.

కాళ్ల దగ్గర పిండి రాలుతోందా?
పుచ్చు పురుగు. తుడిచేసి కింద నల్ల కాగితం పరవండి. మళ్లీ మళ్లీ పిండి పడుతుంటే పురుగు బతికే ఉండొచ్చు. చేతికి గ్లవ్స్ వేసుకుని, గాలాడే చోట, చెక్క పురుగుల మందును సిరంజితో రంధ్రాల్లోకి ఎక్కించండి. పిండి ఆగేదాకా ఆ కుర్చీని మిగతా చెక్క సామాను పక్కన పెట్టకండి.