విదేశాల నుంచి నెల్లూరు, ఒంగోలు వైపు వచ్చి స్థిరపడేవారికి: టైరు పంపు తెచ్చుకోవాలా, ఇక్కడ కొనాలా?

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సామాను సర్దుకుని వచ్చేసేవాళ్ళు అడిగే చిన్న ప్రశ్నల్లో ఇదొకటి. అక్కడ కారు డిక్కీలో ఉన్న పంపు పెట్టెలో పడేసుకుని రావాలా, ఇక్కడికొచ్చాక కొనుక్కోవాలా? దీనికి జవాబు ఆ పంపు కింద అంటించిన స్టిక్కర్‌లోనే ఉంటుంది.

స్టిక్కర్ మీద 120 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటే దాన్ని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి. మన కరెంటు 230 వోల్టులు. ప్లగ్గు మార్చే అడాప్టర్ పెట్టి స్విచ్ వేస్తే మోటారు కాలిపోతుంది. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. దాని కోసం ట్రాన్స్‌ఫార్మర్ కొంటే అది పంపు కన్నా బరువు, ఖరీదూ కూడా. గల్ఫ్ నుంచి వచ్చేవారికి ఈ బెడద తక్కువ. కువైట్, దుబాయ్‌లలో వోల్టేజీ మన దగ్గర ఉన్నట్టే ఉంటుంది, పిన్నులు మాత్రం తేడా. 12 వోల్టులని ఉంటే, అంటే కారు సాకెట్లో పెట్టేదైతే, ఏ దేశానిదైనా ఇక్కడ పనిచేస్తుంది. టైరు వాల్వ్ కూడా అంతే. అక్కడి కారుకీ ఇక్కడి కారుకీ బండికీ ఒకే రకం వాల్వ్ ఉంటుంది, కాబట్టి నాజిల్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. డ్రిల్లింగ్ మిషన్ బ్యాటరీతో నడిచే పంపులు అమెరికాలో చాలామంది వాడతారు. వాటికి చిక్కు ఛార్జర్ దగ్గర వస్తుంది. చాలావరకు అది 120 వోల్టులకే చేసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి. యూఎస్‌బీ టైప్ సీతో ఛార్జ్ అయ్యే పంపులకు ఈ గొడవ లేదు.

బ్యాటరీ పంపు తెచ్చేట్టయితే చేతి సంచిలో పెట్టుకోండి. విడిగా ఉన్న లిథియం బ్యాటరీలను విమానంలో చెక్‌ ఇన్ లగేజీలో వేయనివ్వరు. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తి లెక్క) లోపు బ్యాటరీకి సాధారణంగా ఇబ్బంది ఉండదు, చిన్న పంపులన్నీ ఆ లోపే ఉంటాయి.

ఇక అసలు విషయం. అక్కడ పంపు కొన్న కారణం వేరు, ఇక్కడ కొనాల్సిన కారణం వేరు. అమెరికాలో చాలాచోట్ల గాలి మిషన్‌లో డబ్బులు వేయాలి. కాలిఫోర్నియా లాంటి ఒకటి రెండు రాష్ట్రాల్లో మాత్రం పెట్రోలు కొట్టించుకున్నవారికి ఉచితంగా ఇవ్వాలని చట్టం ఉంది. ఇక్కడ పెట్రోలు బంకులన్నీ గాలి ఉచితంగా ఇవ్వాల్సిందే. అది కాక ప్రతి సెంటర్‌లోనూ ఒక పంక్చర్ షాపు ఉంటుంది. అంటే గాలి కొరత తీర్చుకోవడానికి మనకు పంపు అవసరం లేదు. రెండింటి కోసమే అవసరం: పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు ఇంటి దగ్గరే గాలి సరిచూసుకోవడానికి, ఊళ్ళ మధ్యలో టైరు మెత్తబడితే తరవాతి పంక్చర్ షాపు దాకా బండిని నడిపించుకోవడానికి. ఈ రెండు పనులకీ సరిపోయేది ఏదో చూసుకుని కొనాలి. అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ దండగ.

బంకులో గాలి పట్టే కుర్రాడు "ఎంత పెట్టమంటారన్నా?" అని అడుగుతాడు. కేపీఏలోనో బార్‌లోనో, అంటే 230 అనో 2.3 అనో, చెప్పడం అలవాటైన వాళ్ళు ఒక్క క్షణం తడుముకుంటారు. ఇక్కడ అందరూ పీఎస్‌ఐలోనే (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు అన్న లెక్క) మాట్లాడతారు. 230 కేపీఏ అన్నా, 2.3 బార్ అన్నా మన లెక్కలో 33. బండి మాన్యువల్‌లో కేజీ పర్ సెంటీమీటర్ స్క్వేర్ అని ఉంటే 14.2తో గుణించండి, 2.25 అని ఉంటే 32 అన్నమాట. మీ కారుకు ఎంత కావాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అంటించి ఉంటుంది. బండికైతే చెయిన్ కవర్ మీదో, సీటు కిందో, మాన్యువల్‌లోనో ఉంటుంది. టైరు పక్కన అచ్చులో ఉన్న అంకె చూసి కొట్టించకండి. అది టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ వాహనానికి కావలసిన లెక్క కాదు. చెప్పకపోతే కుర్రాడు అన్ని కార్లకూ 35 పెట్టి పంపేస్తాడు. తప్పు అతనిది కాదు, రోజుకి అన్ని కార్లు చూసేవాడికి మీ స్టిక్కర్ ఎలా గుర్తుంటుంది?

కారు ఒక్కటే ఉన్న ఇంటికి నా ఓటు వైరున్న 12 వోల్టుల పంపుకే. బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందోనన్న బెంగ ఉండదు. కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. మొదటిది వైరు పొడవు. ముందు సాకెట్లో పెడితే వెనక టైరు దాకా రావాలి కదా, వైరూ గొట్టమూ కలిపి మూడున్నర మీటర్లకు తక్కువైతే పెద్ద కార్లలో అందదు. రెండోది వాట్లు. 120 వాట్ల పంపు 10 ఆంప్స్ లాగుతుంది, అంతవరకు చాలా కార్ల సాకెట్లు మోస్తాయి. 180 వాట్లంటే 15 ఆంప్స్, మీ కారు సాకెట్ ఫ్యూజు ఎంతో చూడకుండా పెడితే అది ఎగిరిపోవచ్చు. అంతకన్నా పెద్దవాటికి బ్యాటరీకి నేరుగా తగిలించే మొసలి క్లిప్పులు ఇస్తారు. మూడోది ఆపకుండా ఎంతసేపు నడుస్తుంది అన్నది. దీన్ని పెట్టె మీద చిన్న అక్షరాల్లో వేస్తారు. పది పదిహేను నిమిషాలు నడిపి, అంతసేపూ చల్లారనివ్వాలి అనేది మామూలుగా ఉండే షరతు. అడుగుకి దిగిపోయిన కారు టైరుకి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. రెండు టైర్లు వరసగా కొడితే పంపు మీద చెయ్యి పెట్టలేరు. ఇంజన్ ఆన్‌లో ఉంచి కొట్టండి, షెడ్డు తలుపులు మూసి మాత్రం వద్దు.

బండి సంగతి పూర్తిగా వేరు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడికొచ్చాక కారు కన్నా స్కూటరే ఎక్కువ వాడతారు. ట్రంకు రోడ్డు దాకా పాలకీ కూరగాయలకీ కారు తీసేవాళ్ళు ఎవరు? బండికి 12 వోల్టుల సాకెట్ ఉండదు. ఉన్నా అది ఫోన్ ఛార్జింగ్ కోసం పెట్టింది, పది ఆంప్స్ లాగితే ఫ్యూజు పోతుంది. క్లిప్పులు తగిలిద్దామంటే సీటు తీసి, ప్యానెల్ విప్పి బ్యాటరీ బయటికి కనిపించేలా చేయాలి. చిన్న స్కూటర్ల బ్యాటరీకి అంత లాగుడు మంచిది కూడా కాదు. అందుకే బండికి అరచేతిలో పట్టే రీఛార్జబుల్ పంపే సుఖం. బండి టైరులో పట్టే గాలి తక్కువ కాబట్టి ఒకటి రెండు నిమిషాల్లో నింపేస్తుంది. ఎంత కావాలో అంకె పెడితే అక్కడ దానంతటదే ఆగుతుంది. కారూ బండీ రెండూ ఉండి ఒకటే కొంటానంటే, ఈ బ్యాటరీ పంపుల్లోనే కాస్త పెద్దది, కారు సాకెట్‌తో కూడా నడిచేది తీసుకోండి.

స్కూటర్ల విషయంలో ఒక్క చిక్కుంది. చక్రం చిన్నది, రిమ్ముకీ బ్రేకు డ్రమ్ముకీ మధ్య సందు వేలు దూరేంతే. వెనక చక్రానికైతే ఒక పక్క సైలెన్సర్, ఇంకో పక్క ఇంజన్. క్లిప్పులా నొక్కి బిగించే లావాటి నాజిల్ అక్కడ తిరగదు. మరమేకులాగా తిప్పి బిగించే సన్నటి ఇత్తడి నాజిల్ ఉన్న పంపు తీసుకోండి. లేదంటే ఎల్ ఆకారంలో ఉండే వాల్వ్ ఎక్స్‌టెన్షన్ ముక్క విడిగా దొరుకుతుంది. మరనాజిల్‌తో ఒక నష్టముంది. విప్పేటప్పుడు నెమ్మదిగా తిప్పితే బుస్సున కొంత గాలి పోతుంది. కాబట్టి ఒక పాయింటు ఎక్కువ పెట్టి, చివరి చుట్లు గబగబా విప్పేయండి. వాల్వ్ మూత మాత్రం జేబులో వేసుకోండి, నేల మీద పెడితే దొరకదు.

కాలితో తొక్కే పంపును చూసి నవ్వేవాళ్ళున్నారు. నేను నవ్వను. ఛార్జింగ్ అక్కర్లేదు, ఏళ్ళ తరబడి మూలన పడేసినా లేచి పనిచేస్తుంది. బండికి బాగా పనికొస్తుంది. కారు టైరు పూర్తిగా దిగిపోతే దానితో నింపడం మాత్రం మే నెలలో చేయదగ్గ పని కాదు. పిల్లల సైకిల్ ఉన్న ఇంట్లో ఇంకో సంగతి: మన మామూలు సైకిళ్ళ వాల్వ్ వేరు, కారు నాజిల్ దానికి కూర్చోదు. పెట్టెలో ఆ ముక్క ఇచ్చారో లేదో చూడండి.

పెట్టె మీది అంకెలకు పడిపోకండి. 150 పీఎస్‌ఐ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. మీకు కావలసింది 33. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుందన్నది, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. బ్యాటరీ విషయంలోనూ ఇదే మాయ. 6,000 ఎంఏహెచ్ అని ఒకడూ, 2,000 అని ఇంకొకడూ అమ్ముతారు. మొదటిది 3.7 వోల్టుల లెక్క, రెండోది 11.1 వోల్టుల లెక్క అయితే రెండింట్లో ఉన్న శక్తి ఒకటే, సుమారు 22 వాట్ అవర్లు. వాట్ అవర్లు చూసి పోల్చుకోండి. ఇంకో మాట: పంపులో ఉన్న మీటర్‌ని గుడ్డిగా నమ్మకుండా, కొన్ని వందల్లో దొరికే విడి గేజ్ ఒకటి కొనిపెట్టుకుని రెంటినీ సరిచూసుకోండి. బంకులో పెట్టిన గాలి ఎంతో కూడా దానితోనే తేలిపోతుంది.

మన దగ్గర టైర్లకు అసలు శత్రువు సర్కారు తుమ్మ. పొదిలి, కనిగిరి వైపు గానీ, ఉదయగిరి, వింజమూరు వైపు గానీ లోపలి రోడ్లలో కంప కొట్టిన రోజుల్లో ముళ్ళు రోడ్డంతా ఉంటాయి. చీమకుర్తి వైపైతే గ్రానైట్ లారీల రాళ్ళముక్కలు. ట్యూబ్‌లెస్ టైరుకి ముల్లో మేకో దిగితే గాలి మెల్లగా పోతుంది. దాన్ని పీకకండి. పీకితే మెల్లగా పోయేది ఒక్కసారిగా పోతుంది. గాలి నింపుకుని నెమ్మదిగా పంక్చర్ షాపు దాకా నడపండి. పంపు నిజంగా విలువ చేసేది ఈ అరగంటలోనే. రబ్బరు పుల్లల్లాంటి స్ట్రిప్‌లతో పంక్చర్ మీరే వేసుకునే కిట్ కూడా దొరుకుతుంది, చేతి బలం ఉంటే కష్టం కాదు.

పంపు చేయలేనివీ ఉన్నాయి. పుల్లల చక్రాలున్న బండ్లలో చాలావాటికి లోపల ట్యూబ్ ఉంటుంది. ట్యూబుకి చిల్లు పడితే కొట్టిన గాలి కొట్టినట్టే పోతుంది. బండి కొనేటప్పుడే ట్యూబ్‌లెస్సా కాదా అడగండి. పక్క గోడ చీలిన టైరుకీ, రిమ్ము నుంచి అంచు ఊడిన టైరుకీ ఈ చిన్న పంపులు పనికిరావు. అంచు మళ్ళీ కూర్చోవాలంటే షాపులోని పెద్ద కంప్రెసర్ కావాలి.

అమెరికాలో ప్రయాణికుల కార్లన్నింటికీ 2008 మోడల్ నుంచి టైరు గాలి తగ్గితే వెలిగే దీపం తప్పనిసరి. ఇక్కడ అన్ని కార్లలోనూ ఉండదు, ఆ దీపం కోసం ఎదురుచూసే అలవాటు మానుకోవాలి. 2020లో ఇంకో మార్పు వచ్చింది: ఆ దీపమూ టైరు రిపేర్ కిట్టూ ఇస్తే, మూడున్నర టన్నుల లోపు ప్యాసింజర్ వాహనానికి స్టెప్నీ ఇవ్వకపోయినా ఫర్వాలేదన్నారు. కొన్ని ఎలక్ట్రిక్ కార్లు అలాగే వస్తున్నాయి. షోరూమ్‌లో డిక్కీ పరుపు ఎత్తి చూడండి. స్టెప్నీ లేకపోతే వాళ్ళిచ్చిన పంపు తీసి, అక్కడే ఒకసారి నడిపించి చూపించమనండి. స్టెప్నీ ఉంటే నెలకోసారి దానిక్కూడా గాలి చూడాలి, అందరం మరిచిపోయేది అదే.

ఎండ సంగతి వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కానీ గాలికి దాని లెక్క ఉంది. ఐదారు డిగ్రీలు పెరిగితే టైరులో ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు నుంచి కావలి దాకా హైవే మీద వెళ్ళి చూస్తే పొద్దున పెట్టిన 33 కాస్తా 37, 38 చూపిస్తుంది. ఎక్కువైందని తీసేయకండి. రాత్రికి చల్లబడ్డాక తక్కువైపోతుంది. ఎప్పుడు చూసినా పొద్దున్నే, బండి తీయకముందే చూడాలి. అదే ఎండలో మూసిన కారులో బ్యాటరీ పంపు వదిలేయకండి, ముఖ్యంగా డాష్‌బోర్డు మీద. లిథియం బ్యాటరీకి వేడి పడదు. వేసవి నాలుగు నెలలు దాన్ని ఇంట్లోనే ఉంచి, దూరప్రయాణం రోజున మాత్రం పెట్టుకోండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి నాజిల్ పచ్చగా తుప్పు పడుతుంది. గుడ్డతో తుడిచి, సంచిలో వేసి పెట్టుకుంటే చాలు.

రాత్రిపూట హైవే మీద టైరు దిగితే పంపు తీయడం కన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. వీలైనంత ఎడమకి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, పిల్లల్ని కారు దింపి రెయిలింగు అవతల నిలబెట్టండి. కుడి పక్క టైరు అయితే లారీలు మీ వీపును రాసుకుంటూ పోతాయి. అక్కడ కూర్చుని గాలి కొట్టొద్దు, 1033కి ఫోన్ చేయండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది.

కొన్నాక బిల్లు దాచండి. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లదనే అనుకోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె వచ్చిన రోజే నాలుగు టైర్లకూ, పెట్టె మీద చెప్పినట్టు మధ్యలో చల్లారనిస్తూ, ఒకదాని తరవాత ఒకటి కొట్టి చూడండి. మూడో టైరు దగ్గర కాలిన వాసన వస్తే, వెనక్కి పంపే గడువు దాటకముందే తెలిసిపోతుంది.