పిల్లలకు పియానో గురువును వెతికేటప్పుడు

మా అమ్మాయి కోసం హైదరాబాదులో గురువును వెతికినప్పుడు నేను సర్టిఫికెట్లు అడగలేదు. క్లాసులో ఓ మూల కూర్చుని చూస్తానన్నాను. మీరూ అదే అడగండి. పిల్ల తప్పు వాయించగానే గురువు ఏం చేస్తారన్నదే అసలు పరీక్ష. తాను వాయించి చూపించి ఊరుకుంటే చాలదు. వేగం తగ్గించి, ఒక్కో చేతితో విడిగా వాయింపజేసి, తర్వాత రెండూ కలిపించేవారు దొరికితే వదలకండి. మణికట్టు బిగుసుకుందా, భుజాలు పైకి లేస్తున్నాయా అని కూడా వారు గమనించాలి. ఆ అలవాటు ముదిరితే మాన్పించడం చాలా కష్టం.

మొదటి రోజే ట్రినిటీ కాలేజ్ లండన్ అనే సంస్థ నిర్వహించే గ్రేడు (స్థాయివారీ సంగీత) పరీక్షల ఊసెత్తిన వారిని నేను పక్కన పెట్టాను. ఏడాదంతా పరీక్షకు కావలసిన మూడు నాలుగు రచనలే వాయిస్తూ ఉంటే, కొత్త రచనల స్వరలిపిని చూసి చదవడం పిల్లలకు ఎప్పుడు వస్తుంది?

మొదట్లో 61 మీటల కీబోర్డు చాలు. అయితే నొక్కే బలాన్ని బట్టి ధ్వని హెచ్చుతగ్గులయ్యేదే కొనండి. ఆసక్తి నిలిస్తే, నొక్కితే అసలు పియానోలా బరువుగా తగిలే 88 మీటలున్న డిజిటల్ పియానో తీసుకోవచ్చు. కూర్చున్నప్పుడు మోచేయి మీటల ఎత్తులో ఉండాలి. ఆదివారం రెండు గంటల కన్నా రోజూ పదిహేను నిమిషాల సాధన మేలు. ఫీజు మాత్రం నెలనెలా కట్టండి, ఏడాది మొత్తానికి ముందే కట్టకండి.