హెడ్‌లైట్ బల్బు మార్చాక గోడ మీద ఒకసారి చూడండి

షాపుకి వెళ్లగానే "ఎల్ఈడీ వేసేద్దాం సార్, పగల్లా ఉంటుంది" అంటారు, తొందరపడకండి. ముందు మీ కారుకి ఉన్నది రిఫ్లెక్టరా, ప్రొజెక్టరా చూసుకోండి: మెరిసే గిన్నెలో బల్బు ఉంటే రిఫ్లెక్టర్, లోపల గుండ్రటి గాజు లెన్సు ఉంటే ప్రొజెక్టర్.

మామూలు హెచ్4 రకం హాలోజెన్ బల్బు (లోపల ఫిలమెంట్, అంటే వేడెక్కి వెలిగే తీగ ఉండేది) హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లు, చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఆ పసుపు వెలుగు వానలో నా కంటికైతే హాయి. హెచ్‌ఐడీ (తీగ లేకుండా వాయువులో మెరుపుతో వెలిగే బల్బు, జెనాన్ అంటారే అది) 35 వాట్లకే దానికి రెట్టింపు పైనే వెలుగిస్తుంది గానీ పూర్తిగా వెలగడానికి కొన్ని సెకన్లు పడుతుంది, దానికి కరెంటు సర్దే పెట్టె, అదే బ్యాలస్ట్, పోతే జేబుకి చిల్లే. కారుతోపాటే వచ్చిన ఎల్ఈడీ అయితే బెంగ లేదు.

తంటా అంతా హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్ గిన్నెలో ఎల్ఈడీ బల్బు దూర్చినప్పుడే. ఫిలమెంట్ ఉండాల్సిన చోట వెలుగిచ్చే ఎల్ఈడీ చిప్ సరిగ్గా కూర్చోకపోతే వెలుగు చెల్లాచెదురవుతుంది. నేనూ వేయించా, సూర్యాపేట దాటేలోపు ఎదురొచ్చిన ప్రతి లారీ డిప్పర్ కొట్టింది.

అందుకే బల్బు మార్చాక గోడకి 25 అడుగుల దూరంలో కారు ఆపి లో బీమ్ వేయండి. వెలుగు పైఅంచు గీత గీసినట్టు, హెడ్‌లైట్ ఎత్తుకి కాస్త కిందగా ఉండాలి, ఎడమవైపు కొంచెం లేచినా ఫర్వాలేదు. అంచే కనపడకుండా గోడంతా తెల్లగా పరుచుకుంటే ఆ బల్బు తీయించేయండి.