గ్రోజ్నీకి చదువుకి వస్తున్నారా? ముందు చెచెన్యా ఊళ్ళ సంగతి వినండి

రష్యా దక్షిణాన ఉన్న చెచెన్యా రాజధాని గ్రోజ్నీకి మెడిసిన్ చదవడానికి వచ్చే మన పిల్లల్లో చాలామందికి హాస్టల్, క్లాసు, షాపింగ్ మాల్ తప్ప ఇంకేమీ తెలియదు. కానీ మీ పక్క బెంచీలో కూర్చునే చెచెన్ విద్యార్థి శనివారం వచ్చిందంటే సొంత ఊరికి వెళ్ళిపోతాడు. ఇక్కడ జనం ఎక్కువగా ఉండేది పల్లెల్లోనే. 2021 జనాభా లెక్కల ప్రకారం చెచెన్యా జనాభా సుమారు 15.1 లక్షలు, అందులో నూటికి 95 మందికి పైగా చెచెన్లే. రాజధాని గ్రోజ్నీలో ఉన్నది 3.28 లక్షల మంది. 1989లో ఇక్కడ 4 లక్షల దాకా ఉండేవారు. తర్వాత వచ్చిన రెండు యుద్ధాలు ఊరిని నేలమట్టం చేశాయి. మీకు కనిపించే మెరిసే టవర్లు, 2008లో తెరిచిన పెద్ద మసీదు, అన్నీ ఆ తర్వాత కట్టినవే.

గ్రోజ్నీ కాక పట్టణాలు అయిదే: గుదెర్మెస్, ఉరుస్-మర్తాన్, షాలి, అర్గున్, 2019లో పట్టణం హోదా వచ్చిన కుర్చలోయ్. వీటిలో అర్గున్ బాగా దగ్గర. రైలుకి వెళ్ళేవాళ్ళు గుదెర్మెస్ పేరు గుర్తుపెట్టుకోవాలి, అది జంక్షన్. ఊళ్ళకి రెండేసి పేర్లున్నాయని కూడా తెలుసుకోండి. వ్యాన్‌లో పక్కనున్న పెద్దాయన గుదెర్మెస్‌ని ‘గ్యుమ్సె’ అని, షాలిని ‘షెల’ అని అంటే కంగారు పడి దిగిపోకండి. ఊళ్ళ మధ్య తిరిగే షేర్ వ్యాన్‌ని మర్ష్రూట్కా అంటారు. చేతిలో రూబుల్స్ ఉండాలి. 2022 మార్చి నుంచి మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు రష్యాలో ఎక్కడా పనిచేయవు.

పల్లె అనగానే పది ఇళ్ళు ఊహించుకోకండి. మైదానంలో ఊళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉంటాయి. పదివేలు, ఇరవైవేలు జనం ఉన్నవీ ఉన్నాయి, అంటే మన మండల కేంద్రాల సైజు. ఇటుక ప్రహరీ, ఎత్తయిన ఇనప గేటు, లోపల పెద్ద వాకిలి. దక్షిణంగా కొండల్లోకి వెళ్తే మాత్రం ఊళ్ళు పలచబడిపోతాయి. ఇతూమ్-కలే, షరోయ్ వైపు జనం కంటే రాతి బురుజులే ఎక్కువ కనిపిస్తాయేమో అనిపిస్తుంది. దీనికి చలి ఒక్కటే కారణం కాదు. 1944 ఫిబ్రవరి 23న స్టాలిన్ ప్రభుత్వం మొత్తం చెచెన్ జాతిని రైళ్ళలో ఎక్కించి కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ వైపు పంపేసింది. 1957 నుంచి తిరిగొచ్చినవాళ్ళలో చాలామందిని కొండల్లోని పాత ఊళ్ళకి వెళ్ళనివ్వలేదు, మైదానంలోనే స్థిరపడ్డారు. గలన్‌చోజ్ ప్రాంతం అయితే దాదాపు ఖాళీ అయిపోయింది. రష్యాలో ఫిబ్రవరి 23 సెలవు రోజు, శుభాకాంక్షలు చెప్పుకుంటారు. మీరు మాత్రం ఇక్కడి ముసలివాళ్ళ దగ్గర ఆ హుషారు చూపించకండి.

టెరెక్ నది ఉత్తరాన ఊళ్ళ తీరు వేరే. నౌర్, షెల్కొవ్‌స్కాయా జిల్లాల్లో కొసాక్‌ల (ఒకప్పుడు రష్యా సరిహద్దు కాపలా కాసిన సైనిక రైతులు) పాత ఊళ్ళు, నొగాయ్‌ల (టర్కిక్ భాష మాట్లాడే జాతి) ఊళ్ళు ఉన్నాయి.

స్నేహితుడు ఊరికి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్ళండి. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడాలి, ఆడవాళ్ళకి షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి చెయ్యి చాపకూడదు. అమ్మాయిలు చున్నీ దగ్గర పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. భోజనంలో జీజిగ్-గల్నష్ వస్తుంది: ఉడికించిన మాంసం, పిండి ముద్దలు, వెల్లుల్లి పులుసు. మాంసం తినని వాళ్ళు ముందే చెప్పేయండి. పన్నీరులాంటి పెరుగు ముద్ద పెట్టి కాల్చే రొట్టె చెపల్గష్, గుమ్మడికాయ పెట్టిన హింగల్ష్ అడిగితే సంతోషంగా చేసిపెడతారు.

పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ జేబులో ఉండాలి. చెక్‌పోస్టుల ఫోటోలు, రాజకీయాల కబుర్లు రెండూ వద్దు. జార్జియా సరిహద్దు వైపు కొండలెక్కాలనుకుంటే విదేశీయులకి ముందస్తు అనుమతి కావాలి. సెమిస్టర్ సెలవులకి ముందే కాలేజీ విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడిగి పెట్టుకోండి.