రాజ్‌దూత్ 350 కార్బొరేటర్లు ఇంట్లో సింక్ చేసేముందు

ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో తెచ్చిన ఈ 347 సీసీ టూ స్ట్రోక్ బండికి సిలిండర్లు రెండు, కార్బొరేటర్లూ రెండే. యాక్సిలరేటర్ తిప్పితే వాటిలో గాలి దారి తెరిచే స్లైడ్లు రెండూ ఒకేసారి లేవాలి, సింక్ చేయడమంటే అదే. స్క్రూడ్రైవర్ పట్టేముందు ఇవి చూసుకోండి.

- ప్లగ్గులు, పాయింట్ల (ఇగ్నిషన్ కాంటాక్టులు) గ్యాప్, స్పార్క్ టైమింగ్ సరిచేశాకే ఈ పని. సిలిండర్ దగ్గరి రబ్బరు పగిలి గాలి లాగుతుంటే స్క్రూలు ఎంత తిప్పినా వృథా.

- ఇంజన్ ఆరుబయటే స్టార్ట్ చేయండి. షెడ్డు తలుపు తెరిచాం కదా అనుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

- పెట్రోల్ కారుతుంటే ముందు కాక్ కట్టేయండి. బీడీ, సిగరెట్ దూరం.

- ఎయిర్ ఫిల్టర్ తీశాక కార్బొరేటర్ నోళ్లలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క వాషర్ లోపలికి జారినా ఇంజన్ విప్పాల్సిందే. కిక్ కొట్టేముందు గుడ్డ తీయడం మర్చిపోకండి (నేను మర్చిపోయాను, ఒకసారి).

- ఇంజన్ ఆపి, చెరో స్లైడ్ మీద ఒక్కో చూపుడువేలు ఆనించి, ఇంకొకరిని యాక్సిలరేటర్ మెల్లగా తిప్పమనండి. కంటికి అందని తేడా వేలికి తెలుస్తుంది.

- కార్బొరేటర్ల ఇత్తడి స్క్రూలను బలవంతంగా బిగించొద్దు.

- అన్నిటికన్నా ముఖ్యం ఆయిల్ పంప్. యాక్సిలరేటర్ కేబులే దాన్నీ లాగుతుంది. కార్బొరేటర్ల కేబుళ్లు సవరించాక పంప్ పుల్లీ మీది గుర్తు సరిపోయిందో లేదో చూడాలి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది.

- హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి. యాక్సిలరేటర్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే కిక్ కొట్టొద్దు.