వికీలో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్: వెర్షన్లు కలగాపులగం కాకుండా ఎలా చూసుకోవాలి?

వికీలో పేజీ చరిత్ర ఉంది కదా, వెర్షన్ల సంగతి అదే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. చూసుకోదు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చరిత్ర చెబుతుంది గానీ, ఇంకా 2.4 వెర్షన్ వాడుతున్న మనిషికి ఏ సూచన వర్తిస్తుందో చెప్పదు. పైగా 2.4 నాటి కూర్పు తీసి చూపిస్తే, ఆ తర్వాత దిద్దిన తప్పులన్నీ అందులో అలాగే ఉంటాయి.

కాబట్టి ముందు, ఏ అంకె మారితే విడి పేజీలు పెట్టాలో తేల్చుకోండి. 3.1.4లో చివరి అంకె సాధారణంగా బగ్ ఫిక్సులకే మారుతుంది, దాన్ని వదిలేయండి. 3.1 నుంచి 3.2కు వెళ్లినా ఒకే పేజీ చాలు. "3.2 నుంచి" అని చూపించే మూస (టెంప్లేట్, అంటే ఒకసారి రాసి ఎన్ని పేజీల్లోనైనా పెట్టుకోగల ముక్క) ఒకటి తయారుచేసి, ఉదాహరణకు బ్యాకప్ పేజీలో కొత్తగా వచ్చిన ఆప్షన్ పక్కన పెట్టండి. ఆ మూసలోనే ఒక వర్గం చేర్చి ఉంచితే, 3.2లో మారిన పేజీలన్నీ ఒకేచోట దొరుకుతాయి.

మొదటి అంకె మారినప్పుడు మాత్రం "మాన్యువల్/3/బ్యాకప్", "మాన్యువల్/4/బ్యాకప్" అని ఉపపేజీలుగా విడదీయండి. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో, మామూలు పేజీలుండే ప్రధాన పేరుబరిలో (నేమ్‌స్పేస్) ఉపపేజీలు డిఫాల్టుగా ఆఫ్‌లో ఉంటాయి. సర్వర్ అడ్మిన్‌తో ఆన్ చేయించుకోకపోతే ఆ స్లాష్ పేరులో ఒక గుర్తుగా మిగిలిపోతుందంతే.

అసలు తలనొప్పి లింకులతో. బ్యాకప్ పేజీ నుంచి "మాన్యువల్/3/రిస్టోర్" అని పూర్తి పేరుతో లింకు ఇచ్చారనుకోండి. 3 పేజీలను కాపీ చేసి 4 తయారుచేశాక, ఆ లింకు పాఠకుణ్ణి మళ్లీ 3లోకే తోసేస్తుంది. పేజీ చక్కగా తెరుచుకుంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. మొదటి నుంచీ "../రిస్టోర్" (అంటే ఈ పేజీ ఉన్న వెర్షన్ కిందే ఉన్న రిస్టోర్) అని రాస్తే ఈ గొడవే ఉండదు.

వెర్షన్ లేని "మాన్యువల్/బ్యాకప్" పేరును తాజా పేజీకి దారిమార్పుగా (రీడైరెక్ట్) పెట్టి, బయటివాళ్లకు ఆ లింకే ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ లోపలి హెల్ప్ బటన్ మాత్రం వెర్షన్ ఉన్న పేజీకే వెళ్లాలి.

పాత పేజీలను తొలగించవద్దు, వాడేవాళ్లు ఇంకా ఉంటారు. పైన ఒక బ్యానర్ మూస పెట్టి, అదే అంశం మీదున్న కొత్త పేజీకి లింకు ఇవ్వండి. మొదటి పేజీకి ఇస్తే జనం విసుక్కుంటారు. సెర్చ్‌లో పాతవి ముందు రాకుండా పేజీలో నోఇండెక్స్ (దీన్ని చూపించొద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే మాట) రాస్తే సరిపోతుందనుకోకండి. మీడియావికీ ప్రధాన పేరుబరిలో అది డిఫాల్టుగా పనిచేయదు, సర్వర్ సెట్టింగుల్లోనే మార్చాలి.